ఇంట్లో సంగీతం లేని పిల్లవాడు ఆర్కెస్ట్రా కండక్టర్ కాగలడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఏడేళ్లుగా పియానో నేర్చుకుంటున్నాడు. పాశ్చాత్య సంగీతంలో ఆర్కెస్ట్రా కండక్టర్ (పెద్ద వాద్యబృందాన్ని నడిపించే సారథి) అవుతానని, ఇంటర్ కాగానే విదేశాలకు పంపమని అంటున్నాడు. మా రెండు వైపులా సంగీతం తెలిసినవారు లేరు. పేరుమోసిన కండక్టర్ జుబిన్ మెహతాకైతే తండ్రి అండ ఉంది. పరీక్షల కోసం ప్రస్తుతం పియానో ఆపించాము. ఇంజినీరింగ్, ఇది పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: వంశం లేదన్న ఈ దిగులు ఏదో ఒక రూపంలో నా వద్దకు తరచుగా వస్తుంది. దాని అడుగున, పిల్లవాడు నెగ్గుకురాలేకపోతే బంధువులకు ఏమని చెప్పాలన్న బెంగ ఉంటుంది. మన వైపు కండక్టర్ అంటే ఆర్టీసీ బస్సు, ఆర్కెస్ట్రా అంటే పెళ్లిలో సినిమా పాటలు గుర్తుకు వస్తాయి కనుక మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

జుబిన్ 1936లో బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా వ్యవస్థాపకుడు. అటువంటి ఇంటి పిల్లవాడు కూడా మొదట వైద్య విద్య వైపే అడుగు వేసి, దానిని విడిచి 1954లో వియన్నా చేరి, కండక్టింగ్ గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ వద్ద శిష్యరికం చేసి, 1958లో లివర్‌పూల్ కండక్టర్ల పోటీలో గెలిచాడు. తండ్రి వల్ల చిన్ననాడే చెవి తయారైంది. అది పెద్ద ఆస్తే, కాదనను. అదే ఇంటి తమ్ముడు జరీన్ మాత్రం చార్టర్డ్ అకౌంటెంట్ అయి, అన్న ఒకప్పుడు సారథ్యం వహించిన న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందానికే 2000లో నిర్వహణాధికారిగా వెళ్లారు.

ఇక అమెరికన్ కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ తండ్రి సౌందర్య సామగ్రి వ్యాపారి, సంగీతం వద్దన్నవాడు. మరో కండక్టర్ కార్లోస్ క్లైబర్ తండ్రి ఎరిక్ స్వయంగా పేరుమోసిన కండక్టరై ఉండి కూడా కొడుకును జ్యూరిక్‌కు రసాయనశాస్త్రం చదవడానికి పంపాడు. ఇద్దరు కొడుకులూ చివరకు సంగీతంలోనే నిలిచారు.

నా అసలు సందేహం మీ అబ్బాయి అడుగుతున్న విదేశీ డిగ్రీ మీద. జర్మనీలో చాలా రాష్ట్రాలలో ప్రభుత్వ సంగీత విద్యాలయాలకు ఫీజు లేదు కనుక కన్సల్టెన్సీలు దానిని సులభమైన దారిగా చూపుతాయి. అయితే కండక్టింగ్ ప్రవేశ పరీక్షలో పియానో, స్వరజ్ఞానం, ఇరవై వాద్యాల స్వరలిపిని ఒకేసారి చదవగల నేర్పు చూస్తారు, తరగతులు జర్మన్‌లో ఉంటాయి. పట్టా చేతికి వచ్చినంత మాత్రాన ఎవరూ వాద్యబృందాన్ని అప్పగించరు. అక్కడి ఒపేరా (సంగీత నాటక) థియేటర్లలో యువకులు సాధారణంగా గాయకుల రిహార్సళ్లకు పియానో వాయించే కొలువుతో మొదలుపెడతారు. తరువాత గొప్ప కండక్టరైన జార్జ్ షోల్టీ 1930లో బుడాపెస్ట్ ఒపేరాలో ఆ పనిలో చేరి, 1938 దాకా అక్కడ ఒక్క ప్రదర్శనకైనా కండక్టర్‌గా నిలబడలేకపోయాడు. పొలం అమ్మి పద్దెనిమిదేళ్ల వాడిని ఆ ఎదురుచూపులోకి నెట్టడాన్ని నేను సమర్థించను.

అయితే మీరు చేసినది అంతకంటే పెద్ద పొరపాటు. వంశంలో సంగీతం లేదని వాపోతూనే, ఇంట్లో పుట్టిన ఆ కాస్త సంగీతాన్నీ మీ చేతులతోనే ఆపించారు. ఏడేళ్ల సాధనను పరీక్షల పేరుతో నెలల తరబడి నిలిపితే వేళ్లు మొద్దుబారుతాయని గురువును అడిగినా చెప్పేవారు. రోజుకు గంటన్నర పియానో వల్ల ఏ ర్యాంకూ పోదు.

పోలిక అడిగారు: ఇంజినీరింగ్‌లో జీతం ముందు వస్తుంది, ఇందులో చాలా ఆలస్యంగా, అదీ కొందరికే వస్తుంది. ఇంజినీరింగ్‌లో చేరినంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. సాధన ఆగితే మూసుకుపోతుంది. భయపడకండి, మీరు ఈ ఏడాదే తేల్చవలసినది ఏమీ లేదు. వేసవిలో జర్మన్ మొదలుపెట్టించండి, వయొలిన్ వంటి రెండో వాద్యం పట్టించండి, వీలైతే ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళాప్రదర్శన కేంద్రంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీకి ఒకసారి తీసుకువెళ్లండి. మీ గుంటూరులో చర్చి గాయకబృందాలకు కొదవ లేదు. ఏదైనా ఒక బృందంలో వారానికొకసారి ఇరవై మందిని ఒకే శ్రుతిలో, ఒకే లయలో నిలబెట్టే పని అడిగి చేయమనండి. ఆరు నెలల తరువాత కూడా వాడికి ఆ పని విసుగు పుట్టకపోతే నాకు మళ్లీ రాయండి.