ఎకోలో గడ్డ లేదన్నారు కదా, మళ్లీ గొంతులోంచి ఎకో ఎందుకు?

మీ నాన్నగారికి 67 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి, ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) వచ్చింది, 2డి ఎకోలో (గుండె స్కాన్) రక్తపు గడ్డ లేదన్నారు. అయినా రక్తం పలచబడే మందు రాసి, లయ సరిచేయడానికి గుండెకి కరెంటు షాక్ ఇచ్చే ముందు టీఈఈ (గొంతులోంచి అన్నవాహికలోకి గొట్టం దించి తీసే ఎకో) చేయాలంటున్నారు, అవసరమా అని అడిగారు. అవసరమేనండీ. మా అమ్మకి విజయవాడ సూర్యారావుపేటలో ఇదే చేశారు.

ఛాతీ మీద జెల్ రాసి తీసే ఎకోలో గుండె పంపింగ్, కవాటాలు, గదుల సైజు బాగా తెలుస్తాయి. గడ్డ కట్టే చోటే సరిగా కనపడదు. ఎడమ పై గదికి ఓ మూల చిన్న సంచి ఉంటుంది. కవాటం జబ్బు లేనివాళ్లలో గడ్డ కడితే పదింట తొమ్మిదిసార్లు అందులోనే. లయ తప్పిన గుండెలో ఆ సంచి గట్టిగా ముడుచుకోదు. బందరు కాలవలో నీళ్లు నిలిచినచోట గుర్రపుడెక్క పట్టినట్టు, రక్తం నిలిచినచోట గడ్డ కడుతుంది. అది ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతమే. అన్నవాహిక సరిగ్గా ఆ గది వెనకే ఆనుకుని ఉంటుంది కాబట్టి అటునుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది.

అమ్మకి కట్టుడు పళ్లు తీయించి, గొంతులో మత్తు స్ప్రే కొట్టి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. తర్వాత డాక్టరుగారు వీడియో చూపించారు. గదిలో పొగ సుడులు తిరుగుతున్నట్టుంది. అది గడ్డ కాదు, రక్తం మందగించిందనడానికి గుర్తట. సంచి కొసన మాత్రం తెల్లటి ముద్ద, అదీ గడ్డ. మామూలు ఎకో రిపోర్టులో దాని ఊసే లేదు! గడ్డ ఉండగా లయ సరిచేస్తే ఊడే ప్రమాదం ఉందని షాక్ వాయిదా వేశారు. కొన్ని వారాలు మందు వాడాక మళ్లీ చూస్తే కరిగిపోయింది, అప్పుడే షాక్ ఇచ్చారు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. టీఈఈలో గడ్డ లేదని తేలినా మందు ఆపేయకండి. షాక్ తర్వాత కనీసం 4 వారాలు వాడాల్సిందే. ఆ పైన వాడాలా వద్దా అన్నది ఎకోని బట్టి కాదు, పక్షవాతం ముప్పుని లెక్కగట్టే స్కోరుని బట్టి చూస్తారు. 65 దాటినందుకు 1, బీపీకి 1, షుగర్‌కి 1, మొత్తం మీ నాన్నగారికి 3. మగవాళ్లకి 2 వచ్చినా మందు వాడమనే అంటారు.

మింగడం కష్టంగా ఉన్నా, ఎప్పుడైనా రక్తపు వాంతులయినా ముందే చెప్పండి. పరగడుపున వెళ్లాలి కాబట్టి ఆ పూట షుగర్ మందు సంగతి అడిగి తెలుసుకోండి. అయ్యాక గొంతు తిమ్మిరి వదిలేదాకా మంచినీళ్లు కూడా పట్టకండి, పొలమారుతుంది.