పొయ్యికి తిప్పే మీట పెట్టు

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

పెద్దవాళ్ళు వాడుకునేలా ఇండక్షన్ స్టవ్ చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఆ పనే చేసి చెడగొట్టినవాణ్ణి నేను.

అక్షరాలు పెద్దవిగా, తెలుపు మీద నలుపుగా వెయ్యి. నల్ల గాజు మీద నీలం అంకెలు వద్దు. వయసుతో కంటి కటకం పచ్చబడి నీలం మసకబారుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

మా ఫ్యాక్టరీలో స్టవ్‌కి తిప్పే మీట తీయించి టచ్ బటన్లు పెట్టించింది నేనే. తుడవడం సులువని వాదించాను. మొదటిది మీ నాయనమ్మకే తెచ్చాను. ఆవిడకప్పుడు 78. గిన్నెలు తోమీ తోమీ వేలికొసలు ఎండి, గరుకుదేలాయి. చర్మంలో కాస్త తడి లేకపోతే టచ్ వేలిని సరిగా పట్టదు. నొక్కింది, పలకలేదు. గోటితో నొక్కింది. వేలు తడుపుకుని వస్తే నీటిచుక్క పడి పక్క బటన్ వెలిగింది. "అలా కాదమ్మా, మెల్లగా" అని నేను విసుక్కున్నాను.

వారం తర్వాత అడిగితే బాగుంది నాయనా అంది. నిజానికి దాన్ని అటకెక్కించి మళ్ళీ గ్యాస్ మీదే వండుకుంటోంది. ఓ తెల్లవారుజామున పాలు దించబోతే పైట అంటుకుంది. ఎడమచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "నీ పొయ్యి మంచిదేరా, నా వేళ్ళే పనికిరాకుండా పోయాయి" అంది.

అందుకే మీట పెట్టు. గుప్పిట్లో ఇమిడేంత లావుగా, తిప్పితే టక్కుమని చేతికి తెలిసేలా. పొయ్యి చేసే బీప్ కూత సన్నగా వద్దు, ముందు వినపడకుండా పోయేవి సన్నని చప్పుళ్ళే. పాతకాలంది అంటారు మీవాళ్ళు. అననీ. 1990లో అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన తన భార్య కీళ్ళనొప్పులు చూసి, లావుపాటి మెత్తని పిడి ఉన్న, కూరగాయల తొక్క తీసే పీలర్ ఆక్సో పేరుతో తెచ్చాడు. కుర్రవాళ్ళూ అదే కొన్నారు.

పెద్దవాళ్ళకి యాప్ నేర్పిస్తానన్నావట. ఎందుకురా? వంట వాళ్ళకి వచ్చు. నేర్చుకోవాల్సింది నీ పొయ్యి!

కోప్పడ్డాననుకోకు. ఎనిమిదేళ్ళప్పుడు నాయనమ్మ రేడియో విప్పి మళ్ళీ పాడించావు, ఆవిడ వీధంతా తిరిగి చెప్పుకుంది.

నమూనా తయారవగానే ముందు నా దగ్గరికి తీసుకురా. నాకిప్పుడు 76. నా వేలికొసలూ అమ్మ వేళ్ళలాగే ఎండిపోయాయి. పాలు నేనే కాస్తాను, నువ్వు పక్కన నిలబడి చూడు, ఏమీ చెప్పకు.

మీ పెద్దనాన్న