చెయ్యి చెప్పేదొకటి, రాడార్ చెప్పేదొకటి

ఆటల చదువుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఒకప్పుడు గోల్ఫ్ ఆడి, ఇప్పుడు స్పోర్ట్స్ సైన్స్ పాఠాలు చెబుతున్న అధ్యాపకురాలి జవాబులు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు పదిహేడేళ్లు. ఆరేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. హ్యాండిక్యాప్ 6, అంటే కోర్సుకు పెట్టిన లెక్క కంటే సుమారు ఆరు దెబ్బలు ఎక్కువ పడతాయి. ప్రొఫెషనల్ కావాలని కోరిక. గోల్ఫ్ పెర్ఫార్మెన్స్, స్పోర్ట్స్ సైన్స్ కలిపి చెప్పే డిగ్రీలో చేరితే నా ఆట బాగుపడుతుందా? లేక ఆ మూడేళ్లూ ప్రాక్టీసుకే పెట్టుకోవడం మంచిదా? ఇంకో సంగతి. నేను కుడిచేతి వాటం. డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో (గోల్ఫ్ కర్రతో), కొడితే బంతి ఎప్పుడూ కుడికి వంకర తిరిగి పోతుంది. దాన్ని కోర్సులో సరిచేస్తారా? – ఒక విద్యార్థి

జవాబు: ముందు నీ చివరి ప్రశ్న చూద్దాం బాబూ. అసలు ప్రశ్నకు జవాబు దాని వెనకాలే వస్తుంది.

బంతి కుడికి పోతోందని నువ్వు ఏం చేస్తున్నావో చూడకుండానే చెప్పగలను. నిలబడేటప్పుడు కాస్త ఎడమకు తిరుగుతున్నావు. బంతి ఇంకా ఎక్కువ వంకర పోతోంది. నువ్వు ఇంకాస్త ఎడమకు తిరుగుతున్నావు. అవునా? నేనూ నాలుగేళ్లు అదే చేశాను. నాకు ఆట నేర్పిన మాస్టారు మంచి మనిషి, ఓపిక చాలా ఎక్కువ. ‘క్లబ్ ఊగిన దారిలో బంతి బయల్దేరుతుంది, తర్వాత క్లబ్ ముఖం చూసిన వైపు తిరుగుతుంది’ అని చెప్పేవారు. ఆయనకూ ఎవరో అలాగే చెప్పారు. జరిగేది దాదాపు దానికి తలకిందులు. బంతి బయల్దేరే దిక్కులో నాలుగింట మూడొంతులకు పైగా, తగిలిన క్షణాన క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్నదే తేలుస్తుంది. ముఖం ఒకవైపు, ఊపు దారి ఇంకోవైపు ఉంటే ఆ తేడా వల్ల బంతి వంపు తిరుగుతుంది. నువ్వు ఎడమకు తిరిగి నిలబడ్డప్పుడు ఊపు దారి మరింత ఎడమకు పోతుంది, ముఖం మాత్రం ఇంకా గుంత దగ్గరి జెండా వైపే చూస్తూ ఉంటుంది. తేడా పెరుగుతుంది, వంపు పెరుగుతుంది. భౌతికశాస్త్రం తెలిసినవాళ్లకు ఇది ముందే తెలుసు. మైదానంలో పాఠాలు చెప్పేవాళ్లు మాత్రం బంతిని వెంటాడే రాడార్లు వచ్చాకే మెల్లగా ఒప్పుకున్నారు. వాటిలో అందరికీ తెలిసిన ట్రాక్‌మ్యాన్ 2003లో డెన్మార్క్‌లో మొదలైన కంపెనీ.

కోర్సులో నీకు దొరికేది ఆ రెండు కోణాలను అంకెల్లో చూసుకునే వీలు. నీ షాట్‌ను సరిచేసుకోవాల్సింది మాత్రం నువ్వే.

ఏటా మొదటి ప్రాక్టికల్‌కి నేను తలా ఒక చీటీ ఇస్తాను. ‘మీ 7 ఐరన్ (మధ్యరకం దూరాలకు వాడే క్లబ్) ఎంత దూరం పోతుంది?’ అన్నది ఒక్కటే ప్రశ్న. మొన్న ఒకబ్బాయి అరక్షణం ఆలోచించకుండా 170 గజాలని రాశాడు. రాడార్ ముందు నిలబెట్టి ఇరవై బంతులు కొట్టించాం. బాగా తగిలింది 168. అన్నిటికంటే పొట్టిది 128. సగటు 151. వాడు తెరవైపు చూసి, ‘మేడమ్, రెండు సరిగ్గా తగల్లేదు కదా, అవి తీసేసి లెక్క కట్టొచ్చా?’ అని అడిగాడు. ‘పోటీలో తీసేస్తారా?’ అన్నాను. చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, ఆ పూటంతా మాట్లాడలేదు. మనకు గుర్తుండేది చేతికి తియ్యగా తగిలిన బంతే. గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ముందున్న ఇసుకలో పడ్డవి మన లెక్కలోకి రావు. డిగ్రీలో నువ్వు నేర్చుకునే పాఠాల్లో సగం ఆ చీటీలాంటివే. చెయ్యి ఏదో చెబుతుంది, పరికరం ఇంకేదో చెబుతుంది, రెండింటి మధ్యా నువ్వు ఇబ్బందిగా నిలబడతావు.

మిగతా సబ్జెక్టుల సంగతి గబగబా చెప్పేస్తాను. బయోమెకానిక్స్‌లో, నేలను పాదాలు ఎంత బలంగా తొక్కుతున్నాయో కొలిచే ఫోర్స్ ప్లేట్ల మీద నిలబడతావు. కిందికి ఊపేటప్పుడు ముందు కటి, తర్వాత ఛాతీ, తర్వాత చెయ్యి, చివరికి క్లబ్, ఈ వరుసలో వేగం అందుకోవడం తెరమీద చూస్తావు. ఇంత తతంగం నడిచాక బంతికి క్లబ్ తగిలి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. ఫిజియాలజీ, ఆహారం, బలం పెంచే కసరత్తులు, గాయాలు అన్నీ ఉంటాయి.

నేను ఆగి చెప్పాల్సింది మోటార్ లెర్నింగ్ గురించి. అంటే శరీరం ఒక పనిని ఎలా నేర్చుకుంటుందన్న పాఠం. నీ అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది, అది నీకు అంతగా నచ్చకపోవచ్చు. రిచ్ మాస్టర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో ఒక ప్రయోగం ప్రచురించాడు. పటింగ్ (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడం) రాని వాళ్లను తెచ్చి కొందరికి ఎలా కొట్టాలో వివరంగా రాసిన సూచనలు ఇచ్చాడు. ఇంకొందరికి ఏ సూచనా లేదు. పైగా కొడుతున్నంతసేపూ నోటికొచ్చిన అక్షరాలు పైకి చదువుతూ ఉండాలన్నాడు. మనసు ఆ పనిలో ఉంటే నియమాలు పోగేసుకునే తీరిక ఉండదు కదా. ఆఖర్న డబ్బు, పరీక్ష పెట్టి ఒత్తిడి తెచ్చాడు. నియమాలు చదువుకున్నవాళ్లు తడబడ్డారు. అక్షరాలు వల్లించినవాళ్లు నిక్షేపంగా కొట్టారు.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. మేం మూడేళ్లు నీకు పోసేది నియమాలే. అందుకే నా తరగతిలో మొదటి సంవత్సరం చివరికి మంచి ఆటగాళ్లు కొందరు ముందుకంటే అధ్వాన్నంగా ఆడటం చూస్తుంటాను. పట్ కొట్టబోతూ మణికట్టు కోణం గురించి ఆలోచిస్తారు. మెట్లు దిగుతూ ఏ కాలు ముందు పడుతోందని చూసుకున్నట్టే, పడిపోతారు. దీనికి మందు కూడా ఆ సబ్జెక్టులోనే ఉంది. 1999లో గాబ్రియేల్ వుల్ఫ్ బృందం గోల్ఫ్ పిచ్ షాట్ (దగ్గర్నుంచి బంతిని పైకి లేపి కొట్టే దెబ్బ) మీద చేసిన ప్రయోగంలో, చేతుల కదలిక మీద ధ్యాస పెట్టినవాళ్ల కంటే క్లబ్ ఊపు మీద ధ్యాస పెట్టినవాళ్లే గురికి దగ్గరగా కొట్టారు. నా పిల్లలకు నేను పెట్టిన కట్టుబాటు ఇదే: ల్యాబ్‌లో రాసుకున్న నోట్‌బుక్ ఆడే మైదానంలోకి తీసుకెళ్లకూడదు, బ్యాగు అడుగున కూడా ఉండకూడదు.

‘మూడేళ్లూ ప్రాక్టీసే చేస్తాను’ అంటావేమో. ఎలా చేస్తావు? బుట్టెడు బంతులు ముందు పోసుకుని ఒకే క్లబ్‌తో ఒకే గురికి యాభై కొడతావు. ముప్పయ్యో బంతికల్లా అద్భుతంగా పోతుంటాయి. ఆ అద్భుతం మర్నాటికి మిగలదు. షే, మోర్గాన్ అనే పరిశోధకులు 1979లోనే ఇది చూపించారు. ఒకే కదలికను వరసగా చేసినవాళ్లు సాధన జరుగుతున్నప్పుడు బాగా చేశారు. రకరకాల కదలికలు కలగాపులగంగా చేసినవాళ్లు అప్పుడు వెనకబడ్డారు గానీ, తర్వాత పరీక్ష పెడితే వాళ్లే ముందున్నారు. ప్రతి బంతికీ క్లబ్ మార్చు, గురి మార్చు. చికాగ్గా ఉంటుంది. ఉండాలి కూడా.

ప్రొఫెషనల్ సంగతి దాచకుండా చెబుతాను. పెద్ద టూర్లలో, అంటే ప్రొఫెషనల్ పోటీల వరుసల్లో, ఆడేవాళ్ల హ్యాండిక్యాప్ సున్నాకు అవతలి వైపు ఉంటుంది. పదిహేడేళ్లకు 6 అంటే దారి చాలా ఉంది. మూసుకుపోయిందని అనను. బ్రైసన్ డిషాంబో అనే అమెరికా ఆటగాడు సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చదువుతూనే 2015లో అమెరికా కాలేజీల వ్యక్తిగత టైటిల్, యూఎస్ అమెచ్యూర్ పోటీ రెండూ గెలిచాడు. 2020లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అన్ని ఐరన్లూ ఒకే పొడవున చేయించుకుని ఆడతాడు. కాకపోతే భౌతికశాస్త్రం వచ్చి వంద దెబ్బల్లోపు ఆట ముగించలేని వాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. అందుకని ఆట బాగుపడుతుందన్న ఆశ ఒక్కటే పెట్టుకుని రావద్దు. ఆట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న దురద ఉంటేనే రా.

ప్రశ్న: మేడమ్, నాకు లెక్కలంటే భయం. ఈ కోర్సులో ఎంత లెక్క ఉంటుంది? – ఒక విద్యార్థిని

జవాబు: తీసివేత, భాగహారం వస్తే సగం గట్టెక్కినట్టే అమ్మా. క్లబ్ తల గంటకు 100 మైళ్ల వేగంతో వచ్చి, బంతి 148 మైళ్లతో పోతే, 148ని 100తో భాగించు. 1.48. దీన్నే స్మాష్ ఫ్యాక్టర్ అంటాం. డ్రైవర్‌తో 1.5 దగ్గరికి వచ్చిందంటే బంతి నట్టనడుమ తగిలిందన్నమాట.

కొలంబియా యూనివర్సిటీ ఆచార్యుడు మార్క్ బ్రాడీ రూపొందించిన ‘స్ట్రోక్స్ గెయిన్డ్’ లెక్కనైతే అమెరికాలోని పీజీఏ టూర్ 2011లో పటింగ్‌తో మొదలుపెట్టి వాడుతోంది. ఎనిమిది అడుగుల నుంచి టూర్ ఆటగాళ్లు సుమారుగా సగం సార్లే ఒక్క దెబ్బలో బంతిని గుంతలో వేస్తారు. అంటే అక్కణ్నుంచి సగటున ఒకటిన్నర దెబ్బలు. నువ్వు ఒక్క దెబ్బలో వేశావా, అర దెబ్బ లాభం. రెండు పట్టాయా, అర దెబ్బ నష్టం. అంతే. ఇదివరకు రౌండుకి ఎన్ని పట్‌లని లెక్కపెట్టేవాళ్లం. గ్రీన్లకు గురి తప్పుతూ, ప్రతిసారీ దగ్గర్నుంచి చిన్న దెబ్బతో జెండా పక్కకు చిప్ చేసుకున్న మనిషి పట్‌లు తక్కువ కొట్టి, పటింగ్ మొనగాడనిపించుకునేవాడు! ఇదే లెక్క అన్ని షాట్లకూ కడితే, గొప్ప ఆటగాళ్లకూ మామూలు వాళ్లకూ మధ్య తేడాలో పెద్ద వాటా గ్రీన్ మీదకు కొట్టే అప్రోచ్ షాట్లదని తేలింది.

రెండో సంవత్సరంలో స్టాండర్డ్ డీవియేషన్ వస్తుంది. పైన చెప్పిన చీటీ అబ్బాయి ఇరవై బంతులు గుర్తున్నాయా? 128 నుంచి 168 దాకా చెదిరిపోయాయే, ఆ చెదురును ఒక్క అంకెలో చెప్పడమే అది. దానికి భయపడకు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి ఈ కోర్సులో చేరతానంటోంది. రోజూ మూడొందల బంతులు కొడుతుంది. రెండు నెలలుగా నడుం నొప్పి అంటూనే కొడుతోంది. ఈ చదువుతో ఉద్యోగాలు ఉంటాయా? కాలేజీని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? – ఒక తండ్రి

జవాబు: మీరు ఉద్యోగం గురించి అడిగారండీ. నా కళ్లు మాత్రం నడుం నొప్పి దగ్గరే ఆగిపోయాయి. గోల్ఫ్ ఆడేవాళ్లకు ఎక్కువగా దెబ్బతినే చోటు నడుం కింది భాగమే. వెన్ను పక్కకు వంగుతూ, మెలితిరుగుతూ, దాని మీదే బరువు పడుతూ, ఆ మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. దాన్ని రోజుకు మూడొందల సార్లు! పంతొమ్మిదేళ్లప్పుడు నేను పట్టీ కట్టుకుని ఆడాను. నొప్పి ఉంటేనే కష్టపడుతున్నట్టని గర్వం కూడాను. ఒకరోజు బూటు లేసు కట్టుకోవడానికి వంగి మళ్లీ లేవలేకపోయాను. పోటీల ఆట అక్కడితో సరి. ఇప్పటికీ లేసులు కుర్చీలో కూర్చునే కట్టుకుంటాను.

ఉద్యోగాలంటే, కోచింగ్, ఆటగాడికి తగ్గ క్లబ్ అమర్చే క్లబ్ ఫిటింగ్, ఆటగాళ్లకు బలం పెంచే శిక్షణ, పోటీల గణాంకాల విశ్లేషణ, గోల్ఫ్ ఆడే క్లబ్బుల నిర్వహణ ఉన్నాయి. పై చదువులకూ పోవచ్చు. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన కోచ్ అయిపోరు, ఫిజియోథెరపిస్టు అంతకన్నా కారు. ఫిజియోకు వేరే డిగ్రీ కావాలి. కోచింగ్‌కు చాలా చోట్ల పీజీఏ (ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) లాంటి సంఘాల అర్హత విడిగా తెచ్చుకోవాలి. రెండూ కలిసొచ్చే కోర్సులూ లేకపోలేదు. అమెరికాలో ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీ 1975 నుంచి పీజీఏతో కలిసి గోల్ఫ్ మేనేజ్‌మెంట్ నడుపుతోంది. కాకపోతే అందులో సైన్స్ కంటే నిర్వహణ పాలు ఎక్కువ. మీ అమ్మాయికి ఏది కావాలో తననే అడగండి.

కాలేజీ చూడటానికి వెళితే బ్రోచర్‌లోని పచ్చగడ్డి ఫోటోలు పక్కన పెట్టి ల్యాబ్ చూపించమనండి. రాడార్ ఉందా అని అడగొద్దు, ఉందనే అంటారు. మొదటి సంవత్సరం పిల్లలు వారానికి ఎన్ని గంటలు దాన్ని ముట్టుకుంటారని అడగండి. కిందటేడు పిల్లలు చేసిన ప్రాజెక్టు ఒకటి చూపించమనండి. అందులో అంకెలు వాళ్లు సొంతంగా కొలిచినవా, ఎక్కణ్నుంచో ఎత్తినవా అన్నది రెండు పేజీలు తిప్పితే మీకే తెలిసిపోతుంది. గాయమైన విద్యార్థిని ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో చూస్తారు అనీ అడగండి.

అడ్మిషన్లకు ఇంకా టైముంది. అమ్మాయిని మాత్రం ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. చూపించేదాకా ఆ బంతుల బుట్ట తాళం వేసి దాచేయండి, అలిగినా సరే.