ఒప్పందం దగ్గర మొదలుపెట్టు

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. దేశంలో ఇళ్ల కొరత మీద తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకు చాలా సంతోషించాను. ఈ విషయం మీద మనవాళ్లు రాసేది తక్కువ. రాసినా అది రియల్ ఎస్టేట్ ప్రకటనల మధ్య ఇరుక్కుపోతుంది. పైగా నువ్వు పగలంతా ఓఎంఆర్‌లో, అంటే ఇక్కడి పాత మహాబలిపురం రోడ్డు మీద, ఒక బిల్డరు ఆఫీసులో ఫ్లాట్లు అమ్మే పనిలో ఉన్నావు. బయటివాళ్లు ఎంత తిరిగినా తెలియని సంగతులు నీ బల్ల మీదికి రోజూ వస్తాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా, కాస్త గట్టిగా రాస్తున్నాను.

ముందు "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" తీసెయ్యి. ఇళ్ల మీద వచ్చే ప్రతి వ్యాసమూ దానితోనే మొదలవుతుంది. తరువాత నీ చివరి వాక్యం: "ప్రభుత్వమూ డెవలపర్లూ చేతులు కలిపితే ఈ సమస్య తీరుతుంది." ఆ మాట తప్పు కాదు, నేనూ నమ్ముతాను. కానీ నువ్వు ముగించిన చోట అసలు వ్యాసం మొదలు కావాలి. ఒకరి దగ్గర భూమి ఉంది, ఇంకొకరి దగ్గర డబ్బూ కట్టే నేర్పూ ఉన్నాయి. ఎవరు ఎంత ఇస్తున్నారు, ఎవరికి ఎంత దక్కుతోంది, పని మధ్యలో ఆగిపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఇవి లేకుండా సహకారం గురించి రాస్తే అది శంకుస్థాపన ఉపన్యాసంలా ఉంటుంది.

మా పేటలో పాత ఇళ్లు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంట్‌కు వెళ్తున్నాయి. ఇంటాయన స్థలం ఇస్తాడు, బిల్డరు తన డబ్బుతో కడతాడు, ఫ్లాట్లు వాటాల ప్రకారం పంచుకుంటారు. అలాంటి ఒప్పందం ఒకటి మీ ఆఫీసులో అడిగి, మొదటి పుట నుంచి చివరి అనుబంధం దాకా చదువు. ఇంటాయన పెద్దగా చదువుకోకపోయినా కొన్ని షరతులు లేనిదే సంతకం పెట్టడు. కట్టినన్నాళ్లూ తాను బయట ఉండటానికి అద్దె బిల్డరే ఇవ్వాలి. ఫలానా నెలకు తాళాలు ఇవ్వకపోతే ఆ తరువాత ప్రతి నెలకూ ఇంత అని కట్టాలి. తన వాటా ఫ్లాట్లు ఏ అంతస్తులో, ఏ దిక్కున వస్తాయో ప్లానులో ముందే గుర్తు పెట్టి ఉండాలి. యూడీఎస్, అంటే స్థలంలో తనకు దక్కే విడదీయని వాటా, ఎన్ని చదరపు అడుగులో రాసి ఉండాలి, ఎందుకంటే రేపు భవనం పోయినా మిగిలేది అదే. వంటింటి గట్టు మీద పరిచే రాయి, కుళాయిల కంపెనీ, తలుపుల చెక్క, అన్నీ అనుబంధంలో ఉంటాయి. అమ్మే ఫ్లాటులో ఒక రకం, తన ఫ్లాటులో ఇంకో రకం వేస్తే ఇంటాయన ఊరుకోడు.

ఇప్పుడు ఆ షరతులు పక్కన పెట్టుకుని, ప్రభుత్వ స్థలంలో బస్తీని తీసి ఇళ్లు కట్టే ఏ ప్రాజెక్టు పత్రాలైనా చదువు. ఆ స్థలం మీద తరాలుగా ఉన్న కుటుంబాలకు ఇంటాయనకు దక్కిన హక్కుల్లో ఎన్ని దక్కాయి? ఖాళీ చేసిన కాలానికి అద్దె ఎవరు, ఎన్నాళ్లు ఇస్తారు? ఆలస్యానికి జరిమానా ఉంటే అది ప్రభుత్వ ఖాతాకు వెళ్తుందా, అద్దె ఇంట్లో ఎదురు చూస్తున్న కుటుంబానికి వెళ్తుందా? ఢిల్లీలో తోలుబొమ్మలవాళ్లు, గారడీవాళ్లు ఉండే కఠ్‌పుత్లీ కాలనీకి 2009లో ప్రైవేటు బిల్డరుతో ఒప్పందం కుదిరింది. ఖాళీ చేయించడమే 2017 దాకా సాగింది. తాత్కాలిక శిబిరాలకు వెళ్లినవాళ్లు సొంత గూటి కోసం ఏళ్ల తరబడి ఎదురు చూశారు. అదే ఢిల్లీలో కాల్కాజీ దగ్గర భూమిహీన్ క్యాంపు వాళ్ల కోసం పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో ముందు 3,024 ఫ్లాట్లు కట్టి, 2022లో తాళాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ముందు కట్టి తరువాత కదిలించడం, ముందు కదిలించి తరువాత కట్టడం: ఈ ఒక్క తేడా మీద నీకు ఒక పూర్తి వ్యాసం ఉంది.

అంకెల సంగతి. "దాదాపు రెండు కోట్ల ఇళ్లు తక్కువ" అన్నావు, ఎప్పటి లెక్కో చెప్పలేదు. ఆర్థికవేత్త అమితాబ్ కుండూ అధ్యక్షతన కేంద్రం వేసిన బృందం 2012 నాటికి పట్టణాల్లో కొరత 1.878 కోట్లని తేల్చింది. అంకె పక్కన ఏడాది ఎప్పుడూ ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఆ అంకెను విప్పి చూడటం. అందులో అసలు నీడే లేని కుటుంబాలు 5.3 లక్షలు. సుమారు 1.5 కోట్ల కుటుంబాలకు తల మీద కప్పు ఉంది, కానీ పెళ్లయిన జంటకు విడిగా ఒక గది కూడా లేని ఇరుకు. మొత్తం కొరతలో 95 శాతానికి పైగా ఆర్థికంగా వెనుకబడిన, అల్పాదాయ కుటుంబాలదే. అదే కాలంలో, 2011 జనగణన ప్రకారం, పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెడితే, ఎన్ని కట్టాలన్న ప్రశ్న కంటే ఎవరికి, ఎక్కడ, ఎంత ధరకు అన్న ప్రశ్నలు బరువైనవని పాఠకుడికే తెలుస్తుంది. నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు.

ధర దగ్గర నీ ఉద్యోగం అక్కరకు వస్తుంది. 2019 నుంచి చెన్నై వంటి మహానగరాల్లో 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు), 45 లక్షల లోపు ధర ఉన్న ఫ్లాటును అందుబాటు ధర ఇల్లుగా లెక్కగట్టి 1 శాతమే జీఎస్టీ వేస్తున్నారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన దృష్టిలో ఆర్థికంగా వెనుకబడిన కుటుంబం అంటే ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం, నెలకు 25 వేలు. 45 లక్షల ఫ్లాటుకు 36 లక్షలు అప్పు తీసుకుంటే, 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల వాయిదా నెలకు 31 వేలు దాటుతుంది. ఆ కుటుంబం తిండి మానేసి జీతమంతా కట్టినా వాయిదా తీరదు. ఈ లెక్క నువ్వు కస్టమర్ల ముందు రోజూ వేస్తూనే ఉంటావు. దాన్నే వ్యాసంలో వెయ్యి.

బిల్డర్లను దుర్మార్గులుగా రాయకు. నీ వ్యాసంలో ఆ వాసన లేదు కానీ ఇలాంటి వాటిలో అది సులభంగా వచ్చేస్తుంది. భూమి కొన్న రోజు నుంచి అప్పు మీద వడ్డీ నడుస్తుంది, అనుమతులు ఒక్కో ఆఫీసులో ఒక్కో బల్ల దాటాలి, ఆ జాప్యమంతా చివరికి కొనేవాడి ధరలో కలుస్తుంది. ఊళ్లో భూమి ధర అలా ఉన్నంత కాలం పాచి పని చేసుకునే కుటుంబానికి సరిపోయే ఇల్లు ఏ బిల్డరూ తన డబ్బుతో కట్టలేడు. కాబట్టి ప్రభుత్వం తేవలసింది భూమి. ఇది నా గట్టి అభిప్రాయం. ఆవాస్ యోజనలో భాగస్వామ్య పద్ధతి కింద కట్టే ఒక్కో పేద ఇంటికి కేంద్రం 1.5 లక్షలు ఇచ్చింది. ప్రాజెక్టులో కనీసం 250 ఇళ్లు, వాటిలో 35 శాతం పేదలవి ఉండాలంది. బస్తీ ఉన్న చోటే ప్రైవేటు బిల్డరుతో కట్టించే పద్ధతికి ఇంటికి లక్ష ఇచ్చింది. కానీ మంజూరైన ఇళ్లలో ఎక్కువ భాగం సొంత స్థలంలో ఎవరికి వాళ్లు కట్టుకున్నవి. బస్తీ స్థలంలో బిల్డరుతో కట్టించినవి అన్నిటికంటే తక్కువ. ఎందుకో వెతుకు. ముంబైలో ఆ పద్ధతి 1995 నుంచి నడుస్తోందంటే, అక్కడ బిల్డరు విడిగా అమ్ముకునే ఫ్లాటుకు వచ్చే ధర, బస్తీవాళ్లకు ఉచితంగా ఇచ్చే ఇంటి ఖర్చును మోయగలదు కాబట్టే. భూమి ధర తక్కువ ఉన్న ఊళ్లో ఆ లెక్క నిలబడదు.

చెన్నైలో ఇంకో దారి కూడా ఉంది, దాని మీద ఎవరూ సరిగా రాయలేదు. 2019 భవన నిబంధనల ప్రకారం స్థలం విస్తీర్ణానికి మామూలుగా రెండు రెట్లు కట్టవచ్చు. రోడ్డు వెడల్పును బట్టి రుసుము కట్టి అదనపు ఎఫ్ఎస్ఐ, అంటే ఆ పరిమితికి మించి కట్టే హక్కు, కొనుక్కోవచ్చు. ఆ అదనపు అంతస్తులకు బదులుగా ప్రభుత్వం డబ్బు కాకుండా ఊరి మధ్యలో కొన్ని చిన్న ఇళ్లు అడిగితే? అదే భవనంలో కాకపోయినా అదే వార్డులో. దీన్ని మీ బిల్డరును అడుగు. ఎక్కడ ఒప్పుకుంటాడో, ఎక్కడ అడ్డం తిరుగుతాడో యథాతథంగా రాయి.

ఊరి మధ్యలో అని ఎందుకు పట్టుబడుతున్నానో పెరుంబాక్కం వెళ్తే నీకు తెలుస్తుంది. మీ ఆఫీసుకు ఎంతో దూరం లేదు. అక్కడ ఫ్యాక్టరీ పద్ధతిలో పోతపోసిన కాంక్రీటు భాగాలను తెచ్చి బిగించి 1,152 ఇళ్లు కట్టారు. 2021 జనవరి 1న శంకుస్థాపన, 2022 మేలో ప్రారంభం. కట్టడం మనకు చేతకాక కొరత ఉందనుకునేవాళ్లకు అది మంచి జవాబు, నువ్వు దాన్ని రాసి తీరాలి. ఆ చుట్టుపక్కలే ఎనిమిదేసి అంతస్తుల బ్లాకులు వరుసగా ఉంటాయి. 2015 వరదల తరువాత కూవం, అడయారు నదుల ఒడ్డుల నుంచి తరలించిన కుటుంబాలు ఎన్నో అక్కడే ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు మైలాపూరులో నాలుగు ఇళ్లలో పాచి పని చేసే ఒకావిడ బస్టాపులో పలకరించింది, మన తెలుగావిడే. తెల్లవారకముందే బియ్యం కడిగి పెట్టి బయలుదేరుతుంది, మొదటి ఇంటికి ఆలస్యమైతే ఆ ఇంటి పని పోతుంది. 2021 నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, అది ఆవిడకు నిజంగా పెద్ద ఊరట. "టికెట్టు తీసేశారు గానీ దూరం తీసేయలేదు కదమ్మా" అంది. ఇంతకు ముందు ఆరు ఇళ్లు చేసేదట. ఇల్లు మారాక చేతికి రెండు ఇళ్లు తగ్గాయి. కొత్త ఇల్లు ఆవిడకు ఇష్టమే. గోడలు గట్టివి, వాన నీళ్లు లోపలికి రావు, తలుపుకు గడియ ఉంది, పెద్ద కూతురు ధైర్యంగా స్నానం చేయగలుగుతోంది. ఈ రెండూ రాయాలి. ఒకటే రాస్తే అబద్ధమవుతుంది.

(ఇక్కడొక పక్క మాట. మేమున్న మాంబళం, పక్కనున్న టి. నగర్ ఒకప్పుడు లాంగ్ ట్యాంక్ అనే చెరువు ప్రాంతం. 1920ల్లో ప్రభుత్వమే ఆ భూమిని లేఅవుట్ చేసింది. పెరుంబాక్కం పక్కన పళ్లికరణై చిత్తడి నేల ఉంది. ఈ ఊళ్లో ఇళ్ల మీద రాసేవాళ్లు కింద ఒకప్పుడు నీళ్లు ఎక్కడ నిలిచేవో కూడా అడగాలి.)

నీ వ్యాసంలో కట్టేవాళ్లు ఎక్కడా లేరు. చెన్నైలో ఉండి తెలుగులో రాసే మనిషి ఇది మరవకూడదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన కూలీలు. నిర్మాణ ఖర్చు మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు కూలీల సంక్షేమానికే ఉంది, 1996లోనే దానికి చట్టం వచ్చింది. ఆ డబ్బుతో సైట్లలో రేకుల షెడ్ల బదులు సరైన బస ఎంతమందికి దొరికిందో కనుక్కో. ప్రభుత్వమూ బిల్డరూ కుదుర్చుకునే ఏ ఒప్పందంలోనైనా కూలీల బస ఒక షరతుగా ఉండాలని నేను కోరుకుంటాను. బిల్డరుకు అది మోయలేని భారం కాదు.

తాళాలు ఇచ్చిన రోజుతో కథ ఆపకు. ఆంధ్రలో పట్టణ పేదల కోసం ప్రభుత్వం తలపెట్టిన టిడ్కో ఇళ్లు గోడలు లేచాక కూడా నీళ్లూ మురుగు కాలువలూ లేక ఏళ్లకేళ్లు ఎలా నిలిచిపోయాయో, తెలంగాణలో పూర్తయిన రెండు పడక గదుల ఇళ్లు పంపిణీ కోసం ఎలా ఎదురు చూశాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. ఇక్కడ పుళియంతోపులో కొత్త ఇళ్ల గోడల పెచ్చులు చేత్తో గీకితే రాలిపోయాయని 2021లో పెద్ద గొడవే అయింది. లిఫ్టు పాడైతే ఎవరికి ఫోను చేయాలి, మోటారు కాలిపోతే డబ్బు ఎవరిది, అయిదేళ్ల తరువాత రంగులు ఎవరు వేయిస్తారు? ఈ ప్రశ్నలకు ఒప్పందంలో జవాబు లేని భవనం ఎంత అందంగా ఉన్నా కొద్ది ఏళ్లలో పాత బస్తీ కష్టాలే అంతస్తుల మీదికి ఎక్కుతాయి.

పత్రాలకు భయపడకు. రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద, నమోదైన ప్రతి ప్రాజెక్టుకూ పూర్తి చేస్తామన్న తేదీ బహిరంగంగా ఉంటుంది. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలన్న నియమమూ ఆ చట్టంలోనిదే. ప్రభుత్వ ప్రాజెక్టుల టెండరు పత్రాలు, జీవోలు దొరకకపోతే సమాచార హక్కు కింద అడుగు. జవాబు రావడానికి నెల పడుతుంది, ఆ నెల రోజులూ పెరుంబాక్కంలో తిరుగు.

రెండో ప్రతిలో మొదటి మూడు పేరాలు తీసేసి, మీ ఆఫీసులో చదివిన ఆ ఒప్పందంతో మొదలుపెట్టు. ఆఫీసు పేరు రాయకు, ఉద్యోగం జాగ్రత్త. జీవోలు తమిళంలో ఉండి అర్థం చేసుకోవడం కష్టమైతే ఆదివారం పొద్దున మా ఇంటికి తీసుకురా, కలిసి చదువుదాం. ఉప్మా చేయిస్తాను.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ మాస్టారు