మూడో తరగతికి పదార్థాల ధర్మాలు: నా క్లాసులో పనికొచ్చిన పద్ధతి

మీ పిల్లలు గట్టివి, మెత్తవి, పారదర్శకమైనవి అని పట్టిక మొత్తం అప్పజెబుతున్నారు, కానీ చేతికి ఒక వస్తువు ఇచ్చి అడిగితే తెల్లముఖం వేస్తున్నారు, ల్యాబ్ లేని స్కూల్లో ఏం చెయ్యాలి అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మొదటి రెండేళ్లు నా క్లాసులోనూ ఇదే పరిస్థితి.

నాకు అర్థమైనంతవరకు చిక్కంతా మాటల దగ్గరే ఉంది. ఇంట్లో మనం వాడే పేర్లు వస్తువునూ పదార్థాన్నీ కలిపేస్తాయి. అల్యూమినియం గిన్నెను 'సిల్వర్ గిన్నె' అంటాం కాబట్టి, ఇంగ్లిష్ పాఠంలో సిల్వర్ అంటే వెండి అని నేర్చుకున్న పిల్లలకు అది వెండి గిన్నే. ఒకసారి గాజు గురించి చెబుతుంటే ఒక పాప చెయ్యెత్తి, "టీచర్, నా గాజులు కింద పడినా పగలవు" అంది. తను వేసుకున్నవి ప్లాస్టిక్ గాజులు. ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, నేనే ముందు విడదీసి చెప్పలేదు. అప్పటినుంచి ధర్మాల జోలికి వెళ్లకుండా ఒక పీరియడ్ మొత్తం రెండే ప్రశ్నలు అడుగుతాను: ఇది ఏమిటి? దీన్ని దేనితో చేశారు? స్టీలు గ్లాసు, గాజు గ్లాసు, పేపర్ గ్లాసు, మట్టి ముంత బల్లమీద వరసగా పెట్టండి. అన్నింటి పనీ ఒకటే, చేసిన పదార్థమే వేరు. ఇది పట్టుబడితే తర్వాతి పాఠం సగం అయిపోయినట్టే.

'గట్టి' అన్న మాటతో కూడా జాగ్రత్త. గీత పడనిదాన్నీ గట్టిదే అంటాం, విరగనిదాన్నీ గట్టిదే అంటాం. "గాజు పగులుతుంది కదా, మరి గట్టిది ఎలా అవుతుంది?" అని పిల్లలు అడగడం న్యాయమే. నేను ఒక ఇనుప మేకు, కొవ్వొత్తి ముక్క, సుద్దముక్క, ప్లాస్టిక్ స్కేలు, ఒక గోలీ ఇస్తాను. కొవ్వొత్తి మీద గోటితోనే గీత పడుతుంది. స్కేలుకు మేకు కావాలి. గోలీ మీద మాత్రం మేకు జారిపోతుందే తప్ప గీత పడదు. గోలీ గాజుదే. అప్పుడు 'పెళుసు' అన్న మాట ఇస్తే వెంటనే ఎక్కుతుంది: గీత పడదు, కానీ పగులుతుంది. పగిలిన గాజు మాత్రం క్లాసులోకి రానివ్వకండి.

అయస్కాంతానికి పాత స్పీకర్‌లోది చాలు. పరీక్షించే ముందు ప్రతి పిల్లా "అతుక్కుంటుంది" లేదా "అతుక్కోదు" అని నోట్సులో రాయాల్సిందే. ఈ ఒక్క నియమం నేను ఎప్పుడూ వదలను, ఎందుకంటే ముందు ఊహించకపోతే ఆశ్చర్యమే ఉండదు. ఒక ఏడాది మధ్యాహ్న భోజనం ప్లేట్లు తెచ్చాం. అన్నీ స్టీలువే, అందరూ "అతుక్కుంటుంది" అనే రాశారు. ఒక ప్లేటు టక్కున అతుక్కుంది, పక్కది అసలు పట్టించుకోలేదు. క్లాసంతా నిశ్శబ్దం. ఒకడు లేచి ప్లేటు తిరగేసి మళ్లీ పెట్టి చూశాడు. స్టెయిన్‌లెస్ స్టీలులో రకాలున్నాయి. నికెల్ ఎక్కువ కలిపిన రకాల్లో లోపలి పరమాణువుల అమరిక మారిపోతుంది, అయస్కాంతం దాదాపు లాగదు. పిల్లలకు "కలిపినవి వేరు" అంటే సరిపోతుంది. రాగి చెంబు, ఇత్తడి గంట, సిల్వర్ గిన్నె కూడా పెట్టండి, ఏదీ అతుక్కోదు. 'లోహమైతే అతుక్కుంటుంది' అన్న భ్రమ అక్కడే పోతుంది.

మునగడం, తేలడం మీకు తెలిసినవే. గుండుసూది పక్కన కొబ్బరికాయ తప్పకుండా పెట్టండి, 'బరువైనవి మునుగుతాయి' అన్న మాట అక్కడికక్కడే వీగిపోతుంది.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఐసు ముక్కల ప్రయోగం. సిల్వర్ గిన్నె, చపాతీ పీట రాత్రంతా ఒకే గదిలో ఉంచి, పొద్దున్నే పిల్లల చేత ముట్టించండి. గిన్నె చల్లగా ఉందంటారు. గిన్నెను బోర్లించి దాని మీద ఒకటి, పీట మీద ఒకటి, ఒకే సైజు ఐసు ముక్కలు పెట్టి ఏది ముందు కరుగుతుందో ఊహించమనండి. మా వాళ్లంతా పీట మీదదే అన్నారు, "గిన్నె చల్లగా ఉంది కదా" అని. గిన్నె మీది ముక్క కళ్లముందే నీరైపోయింది, పీట మీదది ఇంకా కదలకుండా ఉంది. నిజానికి గిన్నె, పీట రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. లోహం మన చేతిలోని వేడిని చకచకా లాగేసుకుంటుంది కాబట్టి మనకు చల్లగా తగులుతుంది. అలాగే ఐసుకూ వేడిని చకచకా అందిస్తుంది. ఇది చూశాకే "గరిటెకు చెక్క పిడి ఎందుకు?" అని అడగండి. నేను అడిగినప్పుడు, గాజుల గురించి చెప్పిన ఆ పాపే లేచి, "చెక్క వేడిని తొందరగా రానివ్వదు టీచర్" అంది. ఆ మాట నేను బోర్డు మీద అప్పటిదాకా రాయలేదు.

ఐసు ఇంటినుంచి ఫ్లాస్కులో తీసుకెళ్లండి. ప్రయోగం మాత్రం మొదటి పీరియడ్‌లోనే పెట్టుకోండి, మధ్యాహ్నం ఎండకు రెండూ తొందరగానే కరిగిపోయి తేడా సరిగా కనిపించదు.