కోచ్ లేని డిగ్రీ కాలేజీ జట్టులో బాస్కెట్‌బాల్ ఎత్తుగడలు, కసరత్తు: దేన్ని ముందు పట్టుకోవాలి?

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ కొత్తగా కాలేజీ జట్టులోకి వచ్చానని, డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ కదలడం), లేఅప్ (రింగు దగ్గరికి దూసుకెళ్లి బంతి వేయడం) బడిలో ఉండగానే వచ్చాయని, కోచ్ లేని చోట ముందు ఎత్తుగడలు నేర్చుకోవాలో, ఒంటిని గట్టిపరచుకోవాలో తేలడం లేదని మీరు అడిగారు. నేను నల్లగొండలో మూడేళ్లు డిగ్రీ జట్టుకు పాయింట్ గార్డ్‌గా, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆటను నడిపించేవాడిగా ఆడాను. మాకూ ప్రత్యేకంగా కోచ్ లేరు. కబడ్డీ నుంచి పరుగు పందేల దాకా అన్నీ ఒక్క పీడీ సారే చూసుకునేవారు. ఈ రెండూ వేర్వేరు పాఠాలని అనుకోవడమే మేము చేసిన మొదటి పొరపాటు.

మొదటి ఏడాది అంతర్ కళాశాలల పోటీలో మేము ఫుల్ కోర్ట్ ప్రెస్ ఆడాము. ఎదుటి జట్టు బంతిని 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి కాబట్టి, 28 మీటర్ల పొడవునా వెంటాడితే వాళ్లు కంగారుపడి బంతి వదిలేస్తారన్నది మా లెక్క. మొదటి రెండు క్వార్టర్లలో ఆ లెక్క సరిపోయింది కూడా. అయితే ప్రెస్‌లో ఇద్దరు కలిసి బంతి ఉన్న ఆటగాడిని చుట్టుముడితే, మిగిలిన ముగ్గురు నలుగురిని కాయాలి. ఆ వల తప్పించుకుని బంతి బయటపడిన ప్రతిసారీ అయిదుగురూ వెనక్కి పరుగెత్తాలి. మూడో క్వార్టర్‌కు మా కాళ్లు మొరాయించాయి, నాలుగో క్వార్టర్‌లో వాళ్లు వరసగా లేఅప్‌లు వేసుకుంటూ పోయారు. ఎత్తుగడ మంచిదే కానీ, నలభై నిమిషాలు దాన్ని మోసే కాళ్లు మాకు లేవు. అందుకే మీ అయిదుగురి ఒళ్లు ఆట చివరిదాకా నిలబెట్టగలిగిన ఎత్తుగడనే ఎంచుకోండి, ఒంట్లో సత్తువ పెరిగే కొద్దీ దాన్ని మార్చుకోండి.

మొదట సగం కోర్టు మ్యాన్ టు మ్యాన్, అంటే మన సగంలో ఒక్కొక్కరు ఎదుటి జట్టులో ఒక్కో ఆటగాడిని కాయడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. మీరు కాస్తున్న ఆటగాడు, బంతి, రెండూ ఒకే చూపులో కనబడేలా నిలబడటం, బంతి అవతలి పక్కకు వెళ్లగానే మీ మనిషిని కొంత వదిలి రింగు వైపు జరిగి తోటివారికి సాయంగా ఉండటం, ఎవరైనా షాట్ విసరగానే బంతి వైపు చూస్తూ ఉండిపోకుండా ముందు మీ మనిషిని వీపుతో అడ్డుకుని ఆ తర్వాతే రీబౌండ్‌కు (రింగుకు తగిలి తిరిగొచ్చే బంతికి) ఎగరడం అందులోనే అలవడతాయి. ఇవి రాని జట్టు జోన్ (మనిషిని కాక ఒక్కొక్కరు ఒక్కో చోటును కాయడం) ఆడితే, అది అయిదుగురు అయిదు చోట్ల నిలబడి చూడటమే అవుతుంది.

దాడి విషయానికి వస్తే, పది ఎత్తుగడలు బట్టీ పట్టకండి. అయిదుగురూ నాలుగైదు మీటర్ల ఎడం పాటించడం, పాస్ ఇచ్చిన వెంటనే రింగు వైపు దూసుకుపోవడం, ఒక పిక్ అండ్ రోల్ (బంతి ఉన్నవాడిని కాసే మనిషికి అడ్డు నిలబడి, వెంటనే రింగు వైపు తిరిగి పాస్ అందుకోవడం), మొదటి ఏడాదికి ఇవి చాలు. మన దగ్గర కాలేజీ జట్లు ఎక్కువగా 2-3 జోన్ వెనుక దాక్కుంటాయి. దాని చుట్టూ బయట నుంచి బయటికే పాసులు ఇచ్చుకుంటూ షాట్‌కు ఉన్న 24 సెకన్ల గడువు కరిగించి, చివరికి దూరం నుంచి గుడ్డిగా విసరడం మా జట్టుకు జబ్బుగా ఉండేది. ఆ జోన్‌కు ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు ఉంటారు కాబట్టి ఫ్రీ త్రో (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) గీత నడుమ, రెండు మూలల్లో ఖాళీలు మిగులుతాయి. ఫ్రీ త్రో గీత దగ్గర అందరికంటే ఎత్తరిని నిలబెట్టడం మాని, తొందరపడకుండా చూసి పాస్ ఇవ్వగలిగిన వాడిని నిలబెట్టాక మా ఆట దారిలో పడింది. 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయటి నుంచి పదికి మూడు పడితే తొమ్మిది పాయింట్లు, రింగు దగ్గర పదికి అయిదు పడితే పది పాయింట్లు అన్న చిన్న లెక్కను కూడా జట్టంతా ఒకసారి కూర్చుని వేసుకోవాలి.

ఇవన్నీ మేము సిమెంటు కోర్టు మీద సుద్దముక్కతో గీతలు గీసి, పల్లికాయలను ఆటగాళ్లుగా పెట్టి నేర్చుకున్నాము; పాలమూరులో మీకు వాటికి కొదవ ఉండదు, చర్చ ముగిసేలోపు డిఫెండర్లు మాయమవడం మాత్రం మామూలే. అమెరికా కాలేజీల ఆటల వీడియోలు కూడా చూడండి. జిమ్ బేహైమ్ శిక్షణలో సిరక్యూస్ విశ్వవిద్యాలయ జట్టు దశాబ్దాల పాటు ఆడిన 2-3 జోన్ చూస్తే, అందులో కదలకుండా నిలబడిన మనిషి ఒక్కరూ ఉండరని తెలుస్తుంది. బంతిని కాకుండా, బంతి లేని ఒక ఆటగాడిని ఒక నిమిషం పాటు చూడటం అలవాటు చేసుకోండి. అక్కడ పురుషుల ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, షాట్‌కు 30 సెకన్ల గడువు. మనది 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, 24 సెకన్లు. కాబట్టి వాళ్ల నిదానాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు.

కసరత్తు గురించి చెప్పాలంటే, మేము ఏడాది పాటు పొద్దున్నే మైదానం చుట్టూ రౌండ్లు కొట్టాము. ఊపిరి కొంత పెరిగింది గాని ఆటకు పెద్దగా పనికిరాలేదు, ఎందుకంటే బాస్కెట్‌బాల్ అంటే అయిదారు అడుగులు దూకుడుగా వేసి, ఆగి, దిశ మార్చి, మళ్లీ దూకడం. ఆ తర్వాత వారానికి రెండు రోజులు కోర్టు గీతల మధ్య ముప్పై సెకన్ల పరుగు, దానికి రెట్టింపు విశ్రాంతి, ఇలా ఎనిమిది సార్లు చేయడం మొదలుపెట్టాము. ఇంకో రెండు రోజులు గుంజీలు, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచి లేవడం, మెట్టు అంచు మీద మడమలు ఎత్తి దించడం, పుషప్‌లు, ప్లాంక్ చేసేవాళ్లం. జిమ్ లేదు కాబట్టి పుస్తకాలు నింపిన బ్యాగే మా బరువు, దానికి రెండు వారాలకొక పుస్తకం చేర్చేవాళ్లం.

ఎగరడం కంటే ముందు దిగడం నేర్చుకోండి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, చప్పుడు తక్కువ అయ్యేలా, తుంటిని వెనక్కి దించుతూ దిగాలి; ఈ సాధన సిమెంటు మీద కాక మట్టి నేల మీద చేయాలి. రెండో ఏడాది నేను రీబౌండ్‌కు ఎగిరి తోటివాడి పాదం మీద దిగి చీలమండ బెణికించుకున్నాను. వాపు తగ్గింది కదా అని పదో రోజునే ఆడి, అదే చోట మళ్లీ బెణికించుకుని ఆ సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. ఒంటికాలి మీద నిలబడి బంతి అందుకునే సాధన అప్పుడు ఫిజియోథెరపిస్టు నేర్పారు. బెణకకముందే రోజూ అయిదు నిమిషాలు చేసి ఉండాల్సింది.

తిండికి పొడులు కొననక్కరలేదు. అరవై అయిదు కిలోల ఆటగాడికి రోజుకు సుమారు 90 నుంచి 110 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల పల్లీలకు పాతిక గ్రాములు వస్తాయి, మిగిలినది పప్పు, పెరుగు, జొన్న రొట్టెలతో పూడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారుజామున మాత్రమే ఆడండి.

ఇక గీతల పరుగు ముగిసిన ప్రతిసారీ, రొప్పుతూ ఉండగానే, ఒక్కొక్కరు రెండు ఫ్రీ త్రోలు వేసి ఫలితాన్ని నోటు పుస్తకంలో రాయండి. ఒక క్వార్టర్‌లో ఎదుటి జట్టు అయిదో ఫౌల్ నుంచి మీకు రెండేసి ఫ్రీ త్రోలు వస్తాయి, అవి వేసేది అలసిన చేతులతోనే. చివరి రెండు నిమిషాల్లో బంతి ఎవరి చేతిలో ఉండాలో మా జట్టు వాదించుకోవడం ఆ పుస్తకం వచ్చాకే మానింది. అందులో నా పేరు నాలుగో స్థానంలో ఉండేది, పాయింట్ గార్డ్‌ను అయినా ఆ సమయంలో బంతిని ఇంకొకరికి అప్పగించేవాడిని.