పరిసరాలను చూసి నేర్చుకునే రాడార్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి ఏడాది ప్రాజెక్టుగా పరిసరాలకు తగ్గట్టు తనను తాను మార్చుకునే రాడార్ చేద్దామనుకుంటున్నానని, అందుకు ఏ న్యూరల్ నెట్‌వర్క్ మంచిదని అడిగారు. నెట్‌వర్క్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. తీర నిఘా రాడార్ల సిగ్నల్ ప్రాసెసింగ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. రాడార్‌కు నేర్పడానికి మేం పెద్దగా కష్టపడలేదు. నేర్వకూడనిది నేర్వకుండా ఆపడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

మా యాంటెన్నా నిమిషానికి 24 చుట్లు తిరిగేది, అంటే చుట్టుకు రెండున్నర సెకన్లు. సముద్రాన్ని చిన్న చిన్న గడులుగా విడదీసి, ఏ గడి నుంచి మామూలుగా ఎంత ప్రతిధ్వని వస్తుందో ఒక పటంలో దాచుకునేవాళ్లం. ప్రతి చుట్టులోనూ కొత్త విలువలో ఎనిమిదో వంతు, పాత విలువలో ఎనిమిదింట ఏడు వంతులు కలిపి పటాన్ని సరిదిద్దేవాళ్లం. వచ్చిన ప్రతిధ్వని పటం విలువకు నాలుగు రెట్లు దాటితేనే అక్కడ ఏదో వస్తువు ఉన్నట్టు లెక్క. (ఎన్నో పల్సులు, అంటే రాడార్ పంపే చిన్న తరంగ తునకలు, కలిపాక పోల్చేవాళ్లం కాబట్టి నాలుగు సరిపోయింది.) అలలు, రాళ్లు, ఒడ్డు తెచ్చిపెట్టే అక్కర్లేని ప్రతిధ్వని, అంటే క్లట్టర్, చక్కగా అణిగిపోయింది. అందరం సంబరపడ్డాం.

ఒకరోజు పరీక్ష కోసం పంపిన పడవ లంగరు వేసుకుని నిలబడింది. నాలుగో చుట్టుకల్లా తెర మీద లేదు. రేడియోలో పిలిస్తే పడవవాళ్లు హాయిగా పలుకుతున్నారు! కాగితం మీద లెక్క వేస్తే గుట్టు తేలింది. మూడు చుట్లు తిరిగేసరికి ఆ పడవ ప్రతిధ్వనిలో మూడో వంతు పటంలోకి ఎక్కింది. దానికి నాలుగు రెట్లంటే పడవ ప్రతిధ్వని కన్నా ఎక్కువే. రాడార్ మేం చెప్పినట్టే నడుచుకుని, పడవను కూడా సముద్రంలో కలిపేసుకుంది.

అందుకని, కనబడిన వస్తువును చుట్టు చుట్టుకూ వెంబడించే ట్రాకర్ అనే ప్రోగ్రాం గుర్తించిన గడిలో పటాన్ని సరిదిద్దడం ఆపేశాం. పక్కనే 64వ వంతు చొప్పున మాత్రమే మారే నిదానపు పటం ఒకటి పెట్టాం. కొన్నాళ్లకు ఒక రాతిబండను ట్రాకర్ పడవ అనుకుని ఆ గడిని పట్టుకు కూర్చుంది, అది మరో గొడవ. చివరికి ఆ ఆపుదలకు కూడా గడువు పెట్టాల్సి వచ్చింది. ఎంత వేగంగా నేర్వాలి, ఎంత వేగంగా మరవాలి అన్నది మీ రూపకల్పనలో మొదటి కాగితం మీదే ఉండాలి.

రెండో చిక్కు నమూనాలది. 16 యాంటెన్నా మూలకాలు, 32 పల్సులు కలిపి క్లట్టర్‌ను అణచాలనుకోండి, ఒక్కో గడికి 512 కొలతలు అవుతాయి. రీడ్, మాలెట్, బ్రెన్నన్ అనే పరిశోధకులు 1974లో చూపించిన ప్రకారం, క్లట్టర్ తీరును నమూనాల నుంచి నేర్వడం వల్ల సిగ్నల్ స్పష్టతలో కలిగే నష్టం సగటున 3 డెసిబెళ్లకు, అంటే సగానికి, మించకూడదంటే సుమారు దానికి రెట్టింపు, అంటే 1024 గడుల నమూనాలు కావాలి. 10 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కు ఒక్కో గడి 15 మీటర్లు కాబట్టి మొత్తం 15 కిలోమీటర్లు దాటుతుంది. అంత పొడవునా ఒకే తీరుగా ఉండే నేల ఎక్కడుంది? అందుకే ముందుగానే తెలిసిన భూపటాలను, రోడ్ల ఆనవాళ్లను లెక్కలోకి తెచ్చుకుంటారు. పెద్ద నెట్‌వర్క్‌కైనా ఈ నమూనాల కరువు తప్పదు.

ఇంతవరకు చెప్పింది వినడంలోని తెలివి మాత్రమే. సైమన్ హేకిన్ అనే పరిశోధకుడు 2006లో కాగ్నిటివ్ రాడార్ (పరిసరాలను గ్రహించి తానే నిర్ణయించుకునే రాడార్) గురించి రాసినప్పుడు గట్టిగా చెప్పింది, విన్నదాన్ని బట్టి పంపే తరంగాన్ని కూడా మార్చాలని. గబ్బిలం చేసేది అదే: పురుగు దగ్గరయ్యే కొద్దీ కూతలు దగ్గర దగ్గరగా పడతాయి. రాడార్‌కూ ఇలాంటి ఎంపికే ఉంటుంది. 10 గిగాహెర్ట్జ్ రాడార్ సెకనుకు 1000 పల్సులు పంపితే దూరంలో 150 కిలోమీటర్ల వరకు తికమక ఉండదు కానీ, వేగంలో మాత్రం సెకనుకు 15 మీటర్ల వెడల్పులోనే తికమక లేకుండా తెలుస్తుంది. పల్సులు పెంచితే వేగం తేటపడుతుంది, దూరం తికమకపడుతుంది. ఏ క్షణంలో ఏది వదులుకోవాలో నిర్ణయించే పనికి నేర్చుకునే అల్గారిథమ్ నిజంగా పనికొస్తుంది.

చాలామంది విద్యార్థులు బోల్తా పడేదీ ఇక్కడే. రికార్డు చేసిన డేటా మీద దీన్ని పరీక్షించలేరు, ఎందుకంటే మీరు తరంగం మారిస్తే ప్రతిధ్వని కూడా మారేది, రికార్డులో అది లేదు. సిమ్యులేటర్ రాసుకోండి. లేదా మూడు తరంగాలను ఒకదాని వెంట ఒకటి వంతులవారీగా పంపి రికార్డు చేయండి, ఆ మూడింటిలోంచే ఎంచుకోమని అల్గారిథమ్‌కు చెప్పండి. నేనైతే రెండోదే చేస్తాను. పక్కనే ఏమీ నేర్వని మామూలు రాడార్‌ను కూడా నడిపి పోల్చండి, సిగ్గుపడాల్సిన ఫలితాలు వస్తే రిపోర్టులో అవీ రాయండి.

ఇంకొక్కటి. అనుమతించిన బ్యాండ్, పవర్ దాటకుండా చూసే తనిఖీని అల్గారిథమ్ చేయి పడని చోట, విడిగా పెట్టండి.